దీపాలు పెట్టేవేళ నడక

తడిగుడ్డలో చుట్టిన తునికాకు కట్ట విప్పి అంజమ్మ చాట మీదికి వంగింది. కత్తిరించిన ఆకు ముక్కలో చిటికెడు తంబాకు పరిచి, వేళ్ల మధ్య దొర్లించి, మూతి మడిచి, దారం చుట్టి పక్కకు వేసింది. చూపు మాత్రం చేతుల మీద లేదు. గ్యాలరీ కటకటాల అవతల, ఎదుటి చాల్ మేడ గోడ మీద ఎండ ఎంతదాకా పాకిందో చూస్తోంది.

ఎండ గోడ దిగేలోపు చాట ఖాళీ కావాలి. బీడీలు కట్టలు కట్టి కార్ఖానాలో అప్పజెప్పాలి. అక్కడి నుంచి వచ్చి పొయ్యి వెలిగించే దాకా మధ్యలో కాస్త సందు దొరుకుతుంది. రోజంతటిలో నడవడానికి ఆమెకు మిగిలేది అదొక్కటే.

మడిచిన కాళ్లు తిమ్మిరెక్కాయి. ఎడమ బొటనవేలి పక్కన, వానలు మొదలైనప్పుడు లేచిన పుండు ఇంకా పూర్తిగా మానలేదు. మున్సిపాలిటీ దవాఖానాలో డాక్టరమ్మ దాన్ని చూసి, పరీక్ష చేయించి, షుగరంది. గోలీలు ఇచ్చి, "రోజ్ చల్నేకా మౌశీ, ఆధా ఘంటా. నహీ తో పాయ్ జాయేగా" అని, రోజూ అరగంట నడవకపోతే కాలు పోతుందని కాలి వైపు వేలు చూపింది. కాలు పోవడమంటే ఏమిటో అంజమ్మకు ఎవరూ వివరించనక్కర్లేదు. కింద నల్లా పక్కన పీట మీద కూర్చునే బుచ్చన్నకు ఒక మోకాలి కింద ఏమీ లేదు.

"నడుసుడేందే?" అని నవ్వాడు భర్త ముత్తయ్య, ఆమె వచ్చి చెప్పినప్పుడు. "నెత్తి మీద ఇటుకలు వెట్టుకొని ఎన్ని మేడలెక్కినవ్! సాల్లేదా?"

నిజమే. పాలమూరు నుంచి పెళ్లయి బొంబాయి వచ్చిన కొత్తలో దాదర్‌లో, వర్లీలో లేచిన బిల్డింగులకు ఆమె ఇటుకలు మోసింది. కడుపుతో ఉండగా ఒకసారి వెదురు నిచ్చెన మీంచి జారింది. బిడ్డ దక్కలేదు. ఆ తర్వాత చాట ముందు కూర్చుంది, కూర్చునే ఉంది. ముత్తయ్య పనిచేసే బట్టల మిల్లు సమ్మెలో మూతపడి, అతను గోదాం దగ్గర రాత్రి కాపలాకు కుదిరినప్పటి నుంచి ఇంటికి ఆ బీడీలే ఆధారం. పగలు అతను ఒంటిగది ఖోలీలో నిద్రపోతాడు, ఆమె బయట గ్యాలరీలో చుడుతుంది. గ్యాలరీ నిండా స్టవ్వులు, మంచాలు, నీళ్ల డ్రమ్ములు. నడవాలంటే కిందికి దిగాల్సిందే.

కిందికి దిగితే కామాటిపురా. తెల్లవారుజామున గల్లీ నిద్రలోనే ఉంటుంది గానీ, అప్పుడు నల్లా వస్తుంది. ఆమెకు తీరే వేళకు ఫోరస్ రోడ్డు మేలుకుంటుంది. గుమ్మాల్లో లైట్లు, పౌడరు రాసుకున్న ఆడవాళ్లు. ఆ వేళప్పుడు అక్కడ పనిలేకుండా నడిచే ఆడమనిషిని చూస్తే ఎవరైనా ఒకటే అనుకుంటారు. మొదటి రోజే ఒకడు వెనక వచ్చి "చల్తీ క్యా?" అన్నాడు, వస్తావా అని. తల నెరిసిందని కూడా చూడలేదు. ఇంటికొచ్చి ఎన్నిసార్లు ముఖం కడుక్కుందో ఆమెకే తెలియదు. ఎవరికీ చెప్పలేదు. మర్నాటి నుంచి కూరల కోసం పోతున్నట్టు సంచి పట్టుకుని దిగింది.

ఆ సంచిలో ఏమీ లేదని కనిపెట్టింది గంగాబాయి.

రోడ్డు మలుపులోని ఒక ఇంట్లో గంగాబాయి వంట చేసి పెడుతుంది. వయసులో ఉన్నప్పుడు ఆ ఇంట్లోనే ఆమెది వేరే బతుకు. "ఉత్త సంచి ఎందుకు మోస్తవ్ చెల్లె?" అంది గుమ్మంలోంచి. తమ వైపు మాట విని అంజమ్మ ఆగిపోయింది. "అది ఇంట్ల పడేసి రా. నాగ్గూడ మోకాళ్లు పట్టేసినయ్, కలిసి నడుద్దాం. నా పక్కపొంటి ఉంటే నిన్నెవ్వడు అడగడు."

ఎవ్వడూ అడగలేదు. గ్రాంట్ రోడ్ స్టేషన్ మెట్ల దాకా పోవడం, రావడం. ఎవడైనా దగ్గరికొస్తే గంగాబాయి మరాఠీలో ఒక్క తిట్టు తిట్టేది. వాడు నవ్వుకుంటూ తప్పుకునేవాడు. వానాకాలం సగం అట్లా గడిచింది. పుండు అంచులు ఎండసాగాయి.

ఈ ఉదయం నల్లా దగ్గర, పక్క ఖోలీ రత్నాబాయి బిందె కింద పెట్టి మెల్లగా అంది. "వదినే, నిన్న మా ఆయన నిన్ను టేషన్ కాడ జూసిండంట. పక్కన ఎవరామె?"

"ఎవరో. తొవ్వల కలిసింది."

"ఆ ఇంటి మనిషంట గదా. అన్నకు తెల్సా మరి?"

ఇప్పుడు లోపల ఖోలీలో ముత్తయ్య దగ్గాడు. లేచాడేమోనని అంజమ్మ తలుపు వైపు చూసింది. నడవకపోతే కాలు ఏమవుతుందోనని భయం. నడిస్తే అతని చెవిన ఎవరు ఏం వేస్తారోనని భయం. 'రేపటిసంది నాకు తీరదక్కా, పని ఎక్కువైంది' అని మనసులో అని చూసుకుంది. మళ్లీ అనుకుంది. ప్రతిసారీ గంగాబాయి ముఖం కళ్ల ముందుకొచ్చి మాట మధ్యలోనే తెగిపోయింది. దారం బిగుసుకుని చేతిలో బీడీ చిట్లింది.

కార్ఖానాకు పోయే దారిలో జల్లు పడింది. గుమాస్తా బీడీలు కొన్ని ఏరి బాగా లేవని పక్కన పారేశాడు. ఎప్పుడూ వాదించే అంజమ్మ, ఈ రోజు మిగిలిన కట్టలు లెక్కపెట్టించి బయటపడింది.

మలుపు దగ్గరికి వచ్చేసరికి లైట్లు పడుతున్నాయి. గుమ్మంలో గంగాబాయి లేదు. అంజమ్మకు ముందుగా కలిగింది ఊరట. ఈ రోజుకు చెప్పే పని తప్పింది. వెనక్కి తిరగబోతుంటే, మెట్టు మీద కూర్చున్న ఒకామె లేచింది. జుట్టు విరబోసుకునే ఉంది, ముఖానికి పౌడరు లేదు. లోపల కూర్చున్నవాళ్లూ అట్లాగే ఉన్నారు. ఆ ఇంట్లో ఈ సాయంత్రం ఎవరూ తయారు కాలేదు.

"మౌశీ గయీ," అందామె.

మధ్యాహ్నం గంగాబాయి అందరికీ వడ్డించి నడుం వాల్చిందట. చాయ్‌కి లేపితే లేవలేదట.

అంజమ్మ గోడ పట్టుకుంది. పొద్దుటి నుంచి కూడబెట్టుకున్న మాట నాలుక మీదే ఉండిపోయింది.

"ఆప్ ఉన్కీ బెహెన్ హై నా?" ఆమె చెల్లెలివి నువ్వే గదా అని అడిగిందామె. సాయంత్రమైతే చాలు, చెల్లె వస్తది, నడవాలె అని మౌశీ తొందర తొందరగా గిన్నెలు తోమేసుకునేదట.

రోడ్డవతల కూరల బండి దగ్గర రత్నాబాయి నిలబడి ఉంది. చేతిలో వంకాయ చేతిలోనే ఉంది, కళ్లు ఇటే ఉన్నాయి. అంజమ్మ ఆమెను చూసింది. ముత్తయ్య ఇంకా డ్యూటీకి బయల్దేరి ఉండడు.

"హా, బెహెన్," అంది అంజమ్మ. మళ్లీ తెలుగులో, రోడ్డవతలికి వినబడేంత గట్టిగా అంది. "మా అక్కనే."

ఆ రోజు నడక లేదు. చెప్పులు విడిచి, పుండున్న కాలు జాగ్రత్తగా ఎత్తి వేస్తూ ఆ ఇంటి చెక్కమెట్లు ఎక్కింది. పైన కటకటాలకు గంగాబాయి పొద్దున ఉతికి ఆరేసిన ఆకుపచ్చ నేతచీర వేలాడుతోంది. జల్లు పడినా ఎవరూ తీయలేదు. తడిసి బరువెక్కిన కొంగు చివర నుంచి ఒక్కో చుక్కా మెట్టు మీద పడుతోంది.