ఎనిమిది పేజీల టెస్టు

ఉద్యోగమిచ్చే ముందు టెస్టు పెట్టడం తప్పేం కాదు. రోజంతా పని చేయించుకుని దానికి టెస్టని పేరు పెట్టడం మాత్రం ఒట్టి సిగ్గులేనితనం. తొంభై తొమ్మిదిలో సికింద్రాబాద్‌లో సందుకో కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్ వెలిసింది. అందరికీ డిజైనర్ కావాలి, అదీ ఊరికే. మూడు నెలల్లో నేను ఐదు టెస్టులకు వెళ్లొచ్చాను. "ఈ నెలాఖరుకు నౌకరీ దొరకకుంటే సప్పుడు చెయ్యకుండ కొట్ల కూసో" అన్నాడు మా బాపు వీరయ్య. అల్వాల్‌లో మాది కిరాణా కొట్టు. పప్పులు తూచడానికా నేను డిజైన్ నేర్చుకుంది?

ఆరో టెస్టు క్లాక్‌టవర్ దగ్గర. ఎనిమిది మందిమి వచ్చాం. ఇన్‌స్టిట్యూట్ యజమాని రమణబాబు ఒక్కొక్కరి చేతిలో ఒక్కో కాగితం పెట్టాడు. "మేటర్ ఇందులో ఉందమ్మా. మంచి పేజీ ఒకటి చెయ్యండి, సాయంత్రం చూద్దాం" అన్నాడు.

మధ్యాహ్నం టీ తాగుతుంటే లాలాగూడ నుంచి వచ్చిన మేబెల్ అడిగింది.

"నాకు జావా కోర్సు ఇచ్చిన్రు. నీకేమొచ్చింది?"

"కవర్ పేజీ."

ఇంకొకరికి ఫీజుల పట్టిక, మరొకరికి అడ్రసు, బస్సు నంబర్లు. కాగితాలన్నీ పక్కపక్కన పెట్టి చూశాం. మూలల్లో ఒకటి నుంచి ఎనిమిది దాకా అంకెలున్నాయి.

"ఏందిది? పూరా బ్రోచర్ మనతోనే చేయిస్తున్నడు!" అన్నాను.

"ఉండనీ యార్. ఒక్కరికన్నా నౌకరీ ఇస్తరు కదా" అంది మేబెల్.

అందరూ లోపలికెళ్లి బుద్ధిగా పని ముగించారు. నేనూ ముగించాను. వెళ్లేముందు మాత్రం ఒళ్లు మండి నా ఫైలు చెరిపేశాను.

మర్నాడు పొద్దున్నే కొట్టుకు ఫోన్ వచ్చింది. రమణబాబు.

"స్వర్ణలతగారూ, మీ పేజీ కనపడట్లేదమ్మా. మధ్యాహ్నం ప్రెస్సుకు వెళ్లాలి."

"టెస్టు పేజీ ప్రెస్సుకెందుకు సార్?"

రమణబాబు నవ్వాడు.

"మాకు మీలాంటి తెలివైనవాళ్లే కావాలమ్మా. వచ్చెయ్యండి, మాట్లాడుకుందాం."

వెళ్లాను. ఉద్యోగం కాగితం చేతికిస్తేనే మౌస్ పట్టుకుంటానని నిలబడ్డాను. సంతకం పెట్టి మరీ ఇచ్చాడు. అబ్బ, ఎంత గెలిచాననుకున్నానో! గంటలో కవర్ మళ్లీ చేసేశాను. పక్క కంప్యూటర్లో మేబెల్ పేజీ తెరిచి ఉంది. నిజం చెప్పాలంటే నా కవర్ కన్నా అదే బాగుంది. ఒక్క అక్షరం మార్చకుండా ఎనిమిది పేజీలూ ప్రెస్సుకు వెళ్లిపోయాయి.

అప్పుడు రమణబాబు నా ముందు ఏడు పేర్ల జాబితా పెట్టాడు.

"వీళ్లకి మీరే ఫోన్ చేసి ఉద్యోగం రాలేదని చెప్పెయ్యండి. కాస్త మర్యాదగా చెప్పండమ్మా, మళ్లీ టెస్టు పెడితే రావాలి కదా."

ఆరుగురికి గబగబా చెప్పేశాను. మేబెల్ నా గొంతు గుర్తుపట్టింది.

"స్వర్ణా! నీకొచ్చిందా? మంచిగైంది. నా పేజీ చూసిన్రా? ఏమన్నరు?"

రమణబాబు ఎదురుగానే కూర్చుని ఉన్నాడు.

"చూసిన్రు" అన్నాను. "ఇంకా జెర మంచిగ చెయ్యాల్సి ఉండె అన్నరు."

ఆ మాట అనమని నాకెవరూ చెప్పలేదు. నా మీద నాకే అసహ్యం వేసింది.

"అట్లనా" అంది మేబెల్. "ఈసారి ఇంకా మంచిగ చేస్తనని సార్‌కి చెప్పు."

చెప్తానన్నాను.