నిలబడి తిన్నది

ఉప్మా ఉడికిందో లేదో చూడడానికి ప్రేమమ్మ గరిటెతో ఒక ముద్ద తీసి అరచేతిలో వేసుకుని తింది. ఉప్పు చాలలేదు. వేసి కలిపి ఇంకో ముద్ద చూసింది. ఆరున్నరకు హాస్టల్లోని నూట పది మంది ఆడపిల్లలు కంచాలతో వస్తారు.

పిల్లలు వెళ్ళాక డేగిసా అడుగున అంటుకున్న మాడు గీకి తింది. వాళ్ళు కంచాల్లో వదిలేసింది పారేయడానికి చేతులు రాక అదీ తింది. ప్రత్తిపాడు పత్తిచేలల్లో కూలి చేసిన తల్లి పెంచిన పిల్ల. ఇరవై రెండేళ్ళ వంటమనిషి ఉద్యోగంలో తనకోసం కంచం పెట్టుకుంది క్రిస్మస్‌కూ ఈస్టరుకూ మాత్రమే.

బ్రాడీపేట ఆసుపత్రిలో డైటు చెప్పే తేజశ్రీ, తిన్నదల్లా పుస్తకంలో రాయమంది. ప్రేమమ్మ రాసింది. పొద్దున ఏమీ లేదు. మధ్యాహ్నం రెండు పుల్కాలు. రాత్రి మజ్జిగ. అబద్ధం రాశానని ఆమె అనుకోలేదు. నిలబడి తిన్నది తిండి కాదు, పని.

నాలుగు నెలల కింద నూట నలభై ఆరు కిలోలు. నూట నలభైకి దిగితేనే బరువు తగ్గించే పొట్ట ఆపరేషను. అదైతే మోకాళ్ళు నిలబడతాయి. జూన్‌లో బడి తెరిచేసరికి డేగిసా దించలేకపోతే వేరే మనిషిని పెట్టుకుంటామని వార్డెను చెప్పేసింది. ఆఖరి తూకం ఇవాళే. నిన్న పొద్దుటి నుంచి ప్రేమమ్మ మంచినీళ్ళు కూడా తాగలేదు.

ఆసుపత్రి మిషను నూట ముప్పై దాటి చూపించదు. మొదటిసారి లాగే మిర్చి యార్డులో తూయించుకుని చీటీ తెమ్మన్నారు. చెప్పిన డాక్టరుకు అందులో తప్పేమీ కనబడలేదు.

మార్చి నెల. యార్డు నిండా టిక్కీలనే మిర్చి బస్తాలు, తుమ్ములు. కాటా వేసే బాపయ్య మిరపకాయల బస్తా దింపించి ఆమెను ఎక్కమన్నాడు. హమాలీలు పని ఆపి చూశారు.

"గోనె తరుగు తీసెయ్ బాపయ్యా," అన్నాడొకడు.

"తేమక్కూడా తియ్యాలిగా," అన్నాడు ఇంకొకడు.

"తరుగు పేరుతో రైతుల దగ్గర కోసేది చాలట్లేదంట్రా మీకు?" అంది ప్రేమమ్మ, కాటా మీద నుంచే.

నవ్వులు ఆగాయి. నూట నలభై మూడున్నర.

ఆసుపత్రిలో తేజశ్రీ ఆమె పుస్తకం, చీటీ పక్కపక్కన పెట్టి చూసింది. ఇంత తక్కువ తిన్న మనిషి ఇంతే తగ్గడం ఉండదంది.

"దొంగచాటుగా తింటూ అబద్ధాలు రాస్తే ఎట్లా ఆంటీ?"

బల్ల అవతల డాక్టరు సెల్‌ఫోను చూస్తూనే, ఆపరేషను తారీకు ఇంకొకరికి ఇచ్చేస్తున్నానని, ఆర్నెల్లయ్యాక కనబడమని చెప్పాడు.

ప్రేమమ్మ తేజశ్రీ వైపు తిరిగింది.

"దొంగదాన్ని కాదమ్మాయ్. నూట పది మందికి వండుతున్నా. ఉప్పు చూడకుండా ఎట్లా వండాలో నువ్వు చెప్పు. పిల్లలు వదిలేసింది ఎక్కడ పారబొయ్యాలో చెప్పు."

తేజశ్రీ పుస్తకం మూసింది.

"రోజుకు ఎన్నిసార్లు చూస్తారు ఆంటీ?"

ప్రేమమ్మ వేళ్ళు మడవసాగింది. రెండో చెయ్యి సగానికి వచ్చాక ఆగిపోయింది.

"ఈ మాట నువ్వు మొదటి రోజే అడిగుండాల్సిందమ్మాయ్," అంది.

డాక్టరు బయట కూర్చున్న తర్వాతి మనిషిని పిలిచాడు. ప్రేమమ్మ కుర్చీ చేతులు పట్టుకుని లేచి, గోడ ఆసరాతో మెట్లు దిగి, ప్రత్తిపాడు బస్సెక్కింది. మళ్ళీ ఆ ఆసుపత్రికి రాలేదు. జూన్ నుంచి హాస్టల్లో ఎలీసమ్మ అనే కొత్త మనిషి వండుతోంది.

చీటీ డాక్టరు బల్ల మీదే ఉండిపోయింది. రైతు పేరు అన్నచోట ప్రేమమ్మ అని ఉంది. సరుకు అన్నచోట అచ్చయి ఉన్న మిర్చి అనే మాటను బాపయ్య కొట్టెయ్యలేదు.