వేట సీజన్ అయిపోయాక

మా ఆయన డాక్టర్ రామమోహనరావు పోయాక నాకు మిగిలినవి ఈ కొండలూ, ఒక పెద్ద వ్యానూ. మోంటానాలో, కెనడా సరిహద్దు పక్కన అడవిలో కాపురముంటున్న ఆమిష్ వాళ్ళు, పాతకాలపు పద్ధతులు వదలని క్రైస్తవులు, కార్లు నడపరు. వాళ్ళ మతం ఒప్పుకోదు. ఇంకొకరు నడిపితే మాత్రం నిక్షేపంగా ఎక్కుతారు. ఆ ఇంకొకరిని నేనే. "అమ్మా, యూ ఆర్ రిటైర్డ్! టాక్సీ డ్రైవ్ చేస్తావేంటి?" అని అరోరా ఊరి నుంచి మా అమ్మాయి మేధ ఫోన్లో గోల పెడుతుంది. దానికేం తెలుసు?

ఏటా వసంతంలో ఇండియానా నుంచి పెళ్ళికాని ఆమిష్ కుర్రాళ్ళు కొందరు ఇక్కడ దిగుతారు. ఆర్నెల్లు ఉంటే స్థానికులతో సమానంగా ఎల్క్ వేటకి లైసెన్సు దొరుకుతుంది. అందుకని వేసవంతా దుంగలు కోస్తారు, చలి మొదలవగానే ఆ పెద్ద కొమ్ముల దుప్పుల్ని కొట్టి, మాంసం ఐసుపెట్టెల్లో సర్దుకుని వెళ్ళిపోతారు. వాళ్ళని చూసి ఆశలు పెట్టుకున్న ఇక్కడి ఆడపిల్లల గొడవ ఎవరికీ పట్టదు. నాకు ఒళ్ళుమండేది అక్కడే.

పోయిన వసంతంలో అలా వచ్చినవాడు మార్లిన్. ఆదివారం సాయంత్రం పెళ్ళికానివాళ్ళంతా చేరి భక్తి పాటలు పాడుకోవడం అయ్యాక, బడిలో పాఠాలు చెప్పే వెర్నాని తన గుర్రబ్బండిలో ఇంటి దగ్గర దింపేవాడు. పెళ్ళి మాట చర్చిలో చెప్పేదాకా వాళ్ళలో అదంతా గుట్టు. ఊరందరికీ తెలిసిన గుట్టు.

నవంబరు చివర, తెల్లవారకముందే మార్లిన్‌తో కలిపి ముగ్గురు కుర్రాళ్ళని వైట్‌ఫిష్ స్టేషన్‌కి తీసుకెళ్తుంటే వెర్నా కూడా ఎక్కింది. పంటి డాక్టరు దగ్గర పనుందట. ముత్యాల్లాంటి పళ్ళు ఆ పిల్లవి! వెనక సీట్లో ఐసుపెట్టెకి ఈ పక్క ఆమె, ఆ పక్క అతను. రెండు గంటల దారిలో ఒక్క మాట లేదు. కావాలనే పెట్రోలు బంకు దగ్గర ఆపి, మిగతా ఇద్దరినీ కాఫీకి పంపి, నేనూ దిగిపోయాను. తిరిగొచ్చేసరికి ఇద్దరూ చెరో కిటికీలోంచి చీకట్లోకి చూస్తున్నారు. మొట్టికాయలు వెయ్యాలనిపించింది.

రైలు కూత వినబడ్డాక ప్లాట్‌ఫారం మీద అతను తమ భాషలో ఏదో అన్నాడు. వెర్నా తలొంచుకుంది. రైలు వచ్చింది, వెళ్ళిపోయింది. వెర్నా వచ్చి నా పక్క సీట్లో కూర్చుంది. పంటి డాక్టరు ఊసే ఎత్తలేదు.

"ఏమన్నాడే?" ఉండబట్టలేక అడిగేశాను.

"ఇండియానా వచ్చేయమన్నాడు, లక్ష్మీ." వాళ్ళకి ఆంటీలూ గార్లూ ఉండవు. ముసలీ ముతకా అందరినీ పేరుపెట్టే పిలుస్తారు. "అక్కడ కొండల్లేవట. ఎటు చూసినా మొక్కజొన్న చేలేనట."

"నువ్వేమన్నావు?"

"ఏమీ అనలేదు. ఈలోగా రైలొచ్చేసింది." నావైపు తిరిగింది. "లక్ష్మీ, ఇంత దూరం రావాలని నీకు అనిపించిందా?"

"నన్నెవరు అడిగారమ్మా! ఆయనకి హాస్పిటల్లో జాబ్ వచ్చింది, నేను సామాన్లు ప్యాక్ చేశాను. అంతే." నవ్వుతూ అందామనుకున్నాను. నవ్వు రాలేదు, వ్యాను స్టార్ట్ చేశాను. "నిన్ను అడిగాడు కదా. వెళ్తావో మానేస్తావో నీ ఇష్టం. కానీ అడిగినవాడికి ఆన్సర్ చెప్పాలి."

ఆమిష్ ఇళ్ళలో ఫోను ఉండదు. ఊరందరికీ కలిపి రోడ్డు మలుపులో చిన్న చెక్కగది, అందులో ఒక ఫోను. అక్కడ ఆపమంది వెర్నా.

"అతనింకా రైల్లోనే ఉన్నాడు కదే, ఎవరు ఎత్తుతారు?"

"వాళ్ళ ఊరి ఫోను గదిలోనూ ఇక్కడున్నట్టే మాట రికార్డు చేసే మెషిన్ ఉంది. అందులో చెప్తాను. ఇంటికెళ్తే నాకు ధైర్యం పోతుంది."

లోపలికెళ్ళి తలుపేసుకుంది. బయటికొచ్చేసరికి బుగ్గలు కందిపోయి ఉన్నాయి. "వస్తాననలేదు, రాననలేదు," అంది. "నువ్వే రా అన్నాను. దుప్పుల కోసం కాదు, నాకోసం అన్నాను."

తర్వాత మంచు దిగింది. రోజూ పొద్దున్నే ఎవరినో ఒకరిని ఎక్కించుకుని ఆ మలుపు దాటుతుంటే, వెర్నా ఇంటి నుంచి ఫోను గది దాకా అడుగులు కనిపించేవి. పక్కనే తిరిగి వెళ్ళిన అడుగులు. మెషిన్‌లో తనకేమైనా ఉందేమోనని వచ్చి చూసుకుని, బడికి పోయేది. క్రిస్మస్ వెళ్ళింది. ఆ జంట అడుగులు చూసి ఆ మార్లిన్‌ని తిట్టని రోజు లేదు.

ఇవాళ పొద్దున మలుపు దగ్గర బ్రేకు వేశాను. రాత్రి పడ్డ కొత్త మంచులో గది దాకా అడుగులున్నాయి. తిరిగి వెళ్ళిన అడుగులు లేవు. లోపల ఊపిరికి గది కిటికీ అద్దమంతా ఆవిరి కమ్మింది. దాని వెనక వెర్నా తలకి కట్టుకునే నల్ల బోనెట్టు అటూ ఇటూ కదులుతోంది, చెయ్యి ఊగుతోంది. మాట్లాడుతోంది. వింటోంది. మళ్ళీ మాట్లాడుతోంది.

అతను వస్తానంటున్నాడో, రాలేనంటున్నాడో నాకు తెలియదు. ఇద్దరూ ఒకరినొకరు అడుగుతున్నారు. వ్యాను ఆపుకుని అలాగే చూస్తూ కూర్చున్నాను. ఆ పిల్లని చూస్తే సంతోషం కన్నా ముందు నాకు కుళ్ళే వచ్చింది.