ఆదివారం పెట్టిన వేలిముద్రలు

నలభై నాలుగు మంది, మూడు నెలలు. ఒక్కరికీ తలనొప్పి కూడా రాలేదు.

ఇస్సాకు ఆ పట్టికను రెండుసార్లు చదివి, కళ్లజోడు తీసి తుడుచుకుని మూడోసారి చదివాడు. స్టేషన్ ఘన్‌పూర్ అవతలి ఒక ఊళ్లో బీపీ ఉన్నవాళ్లకు, రెండు పాత గోలీల బదులు ఒకే కొత్త గోలి ఇచ్చి చూస్తున్న అధ్యయనం అది. "ఏమైనా ఇబ్బంది కలిగిందా?" అన్న గడిలో పైనుంచి కిందిదాకా ఒకటే మాట ఉంది. లేదు, లేదు, లేదు.

మెడికల్ కాలేజీలో మనుషుల మీద జరిగే ఏ పరిశోధనైనా ఎథిక్స్ కమిటీ ఒప్పుకుంటేనే మొదలవుతుంది, ఒప్పుకుంటేనే సాగుతుంది. ఎవరికీ హాని జరగకుండా, తెలియనివ్వకుండా ఎవరినీ వాడుకోకుండా చూడటం ఆ కమిటీ పని. అందులో డాక్టర్లూ వకీలూ కాక, వైద్యం చదవని మామూలు మనిషి ఒకరుండాలని నియమం. ఆ కుర్చీ ఇస్సాకుది. కాజీపేట చుట్టుపక్కల చిన్న స్టేషన్లలో ముప్పై నాలుగేళ్లు స్టేషన్ మాస్టర్‌గా చేసి రిటైరయ్యాడు. భార్య గ్రేస్ పోయి నాలుగేళ్లవుతోంది. ఆమె చివరి రోజుల్లో ఒక నర్సు ఉండేది. అరచేతులు రుద్దుకుని వెచ్చ చేసుకుని, "అమ్మా, సూది వెయ్యనా?" అని అడిగి ఆగేది. గ్రేస్‌కు మాట పడిపోయాక కూడా అలాగే అడిగేది, కనురెప్ప కదిలేదాకా ఆగేది. కమిటీలోకి రమ్మన్నప్పుడు ఇస్సాకు ఆ నర్సును తలుచుకునే సరేనన్నాడు.

"ఇంకో ఆరు నెలలు కొనసాగించడానికి అనుమతి ఇద్దామా?" అన్నాడు కార్యదర్శి డాక్టర్ రాంప్రసాద్, సంతకం పెట్టడానికి పెన్ను మూత తీస్తూ.

"నాదో మాట," అన్నాడు ఇస్సాకు. "వీళ్లందరూ యాభై దాటినవాళ్లు. పత్తి ఏరేవాళ్లు. మూడు నెలల్లో ఒక్కరికీ తల తిరగలేదా, కాలు లాగలేదా?"

"ఇస్సాకు గారూ, రోగం రాకపోవడం కూడా తప్పేనా?" అన్నాడు రాంప్రసాద్. బల్ల చుట్టూ నవ్వారు.

ఇస్సాకు కూడా నవ్వాడు. "నా స్టేషన్ డైరీలో ఒక్క నెల కూడా ఖాళీగా లేదు సార్. ఏమీ జరగలేదని రాసిన స్టేషన్‌కే మా ఇన్‌స్పెక్టర్ ముందుగా పోయేవాడు. నన్నొకసారి ఆ ఊరికి పోనివ్వండి. వచ్చాక నేనే మొదటి సంతకం పెడతా."

కమిటీ సభ్యులు వెళ్లి చూసే పద్ధతి ఎటూ ఉంది. గురువారానికి ఖాయమైంది.

అధ్యయనం చేస్తున్న డాక్టర్ సుప్రియకు అది నచ్చలేదు. కారులో మడికొండ దాటేదాకా ఫైలు తిరగేస్తూ కూర్చుంది. చురుకైన పిల్ల, ముప్పై నాలుగేళ్లుంటాయి. చివరికి ఆమే అంది: "సార్, నలభై నాలుగు సమ్మతి పత్రాలు మీరే చూశారు. ప్రతిదాని మీదా వేలిముద్ర ఉంది, సాక్షి సంతకం ఉంది, తేదీ ఉంది. ఇంకేం కావాలి?"

"కాగితంలో ఏ లోపమూ లేదు డాక్టరమ్మా," అన్నాడు ఇస్సాకు. "మా రైల్వేలో ఒక పద్ధతుంది. బండి పంపే ముందు అవతలి స్టేషన్ మాస్టర్‌ను లైన్ క్లియర్ అడుగుతాం, అంటే పట్టా ఖాళీగా ఉందా, బండి పంపమంటారా అని. ఆయన 'ఊఁ' అంటే చాలదు. మేం చెప్పింది మళ్లీ తన నోటితో చెప్పాలి, తన దగ్గరున్న చీటీలోంచి ఒక నంబర్ ఇవ్వాలి. అప్పుడే బండి కదులుతుంది. ఆ ఊళ్లోవాళ్లతోనూ వాళ్లు విన్నది చెప్పించుకుందాం. అంతే."

"నిక్షేపంగా చెప్తారు," అంది సుప్రియ. ఆమెకు అనుమానమే లేదు.

ముందురోజు వాన పడి చేలల్లో పత్తి తడిసింది. ఏరుడు లేదు కాబట్టి ఆడవాళ్లంతా ఇళ్ల దగ్గరే ఉన్నారు. జాబితాలో మొదటి పేరు సారమ్మ. చర్చి వెనక సందులో రేకుల ఇల్లు. గడపలో కూర్చుని ఉంది. పక్కింటి పూలమ్మ అరుగు మీద చిక్కుడుకాయలు తుంచుతోంది. పూలమ్మ పేరు జాబితాలో లేదు.

"వందనాలయ్యా," అంది సారమ్మ. లేవబోయి దర్వాజ పట్టుకుంది. పట్టుకుని కాసేపు అలాగే నిలబడింది. ఇస్సాకు అది చూశాడు.

"కూసో చెల్లె, మర్యాదలు తర్వాత. నువ్వు ఈ గోలీల స్టడీల చేరినవు గదా. అది నీకిష్టమేనా? వద్దనుకుంటే ఏం చెయ్యాలె?"

సారమ్మ చేతులు కట్టుకుని కళ్లు మూసుకుంది. తర్వాత తడుముకోకుండా అందుకుంది: "ఈ అధ్యయనంలో చేరడం పూర్తిగా నా ఇష్టం. ఏ కారణమూ చెప్పకుండా ఎప్పుడైనా మానుకోవచ్చు. మానుకున్నందువల్ల నాకు అందే వైద్యంలో ఏ లోటూ ఉండదు."

సుప్రియ ముఖం వెలిగింది. "చూశారా సార్?"

ఆ మూడు వాక్యాలూ సమ్మతి పత్రంలో ఇస్సాకు దిద్దినవే. కాలేజీవాళ్లు రాసిన పెద్ద పెద్ద మాటలు కొట్టేసి, ఇలా ఉండాలని ఎర్ర సిరాతో రాసిచ్చాడు. ఇప్పుడవి ఒక్క అక్షరం పోకుండా ఆమె నోటి నుంచి వచ్చాయి. అదే అతనికి నచ్చలేదు. పత్తి ఏరే మనిషి 'లోటూ ఉండదు' అనదు. ఆమె కళ్లు మూసుకున్న తీరు అతనికి బాగా తెలుసు. బైబిలు వాక్యం కంఠతా చెప్పేటప్పుడు అతని చర్చిలోనూ అలాగే మూస్తారు.

"ఇది ఎవలు నేర్పిండ్రు చెల్లె?"

"మహిపాల్ సారు. ఆదివారం ప్రార్థన అయినంక పాస్టర్ అయ్యగారు అందర్ని కూసోమన్నడు. మహిపాల్ సారు ముందల నిలబడి చదివిండు, మేం ఎనుక పలికినం. అయ్యగారు ఆమేన్ అన్నడు, మేం ఆమేన్ అన్నం. వరసగ పోయి ఏలు పెట్టినం."

మహిపాల్ ఊళ్లు తిరిగి మనుషులను చేర్చే ఉద్యోగి. సుప్రియ నెమ్మదిగా బ్యాగు కింద పెట్టింది. "కూలి పోగొట్టుకోకూడదని ఆదివారం పెట్టానన్నాడు సార్," అంది లోగొంతుతో. "చర్చి లోపలని నాకు తెలియదు. నేను అడగలేదు."

తన పద్ధతి ఇక్కడ పనిచేయదని ఇస్సాకుకు అర్థమైంది. మళ్లీ చెప్పించడం ఈ ఊళ్లో ప్రతి ఆదివారం జరిగేదే. చెప్పినంత మాత్రాన తెలిసినట్టు కాదు. అతను అరుగు వైపు చెయ్యి చూపించాడు.

"సరే గని, రేపు పూలమ్మ వచ్చి 'నేను గూడ చేరుతనే' అంటదనుకో. ఏం చెప్తవు?"

"వద్దంట," అంది సారమ్మ వెంటనే.

"ఎందుకు?"

"చేరితే మళ్ల ఇడిసిపెట్టరాదు గదయ్యా. ఏలు పెట్టినంక మాట మాటే."

"ఇప్పుడే గద, ఎప్పుడన్న మానుకోవచ్చన్నవు?"

"అది చదివేటిది," అంది సారమ్మ. తెలియనివాడికి చెప్పినంత ఓపికగా అంది.

పూలమ్మ చిక్కుడుకాయలు పక్కన పెట్టింది. "ఇంకా దాస్తానవా వదినె? అయ్యా, రెండుమార్లు పత్తిచేన్ల పడ్డది. నేనే నీళ్లు కొట్టి లేపిన. దవాఖానోళ్లు నెల నెల అడుగుతాండ్రు, ఈమె ఏమో మంచిగున్నంటది. సచ్చినంక గూడ మంచిగున్ననే చెప్తది."

"నీ నోరు మూత పడదా పూలమ్మా," అంది సారమ్మ.

"నేనేం ఆమేన్ అనలేదు. నాకేం ఫికర్."

సుప్రియ అప్పటికే నేల మీద కూర్చుని బీపీ మిషన్ తీసింది. కూర్చోబెట్టి చూసింది, నిలబెట్టి చూసింది. నిలబడ్డప్పుడు పైఅంకె ఎనభై నాలుగుకు పడిపోయింది. ఆమె సారమ్మ భుజం పట్టుకుని మెల్లగా కూర్చోబెట్టింది.

"సారమ్మా, ఆ గోలి ఇక వేసుకోవద్దు. బీపీ మరీ కిందికి పోతోంది. అందుకే పడుతున్నావు. బావి పక్కన పడి ఉంటే?"

"ఇంక ఆరు నెలలే గదమ్మా. ఓర్సుకుంట."

"ఓర్చుకోవద్దు. పాణం పోతుంది."

సారమ్మ తల అడ్డంగా ఊపింది. "పాణానికేంది. దేవుని ముందల పెట్టిన ఏలు ఎనకకు తీసుకుంటే నా మాటకేం ఇలువ ఉంటది? మీరు దొరలు, ఇయ్యాల వస్తరు, రేపు పోతరు. నేను ఈ చర్చిల కూసోవాలె."

ఇస్సాకు ఆమె ఎదురుగా గొంతుకూర్చున్నాడు. మోకాళ్లు కలుక్కుమన్నాయి. "చెల్లె, నేను గూడ మా చర్చిల పెద్దనే. ఆ కమిటీల గూడ మనిషినే. జర ఇను. లైన్ క్లియర్ తప్పు పద్ధతిల అడిగితే, అవతలాయన సరే అన్నా ఆ సరే చెల్లదు. అన్నోని తప్పు కాదది, అడిగినోని తప్పు. నిన్ను ప్రార్థనల కూసోబెట్టి అడిగిండ్రు. గక్కడ ఎవలన్న వద్దనగలుగుతరా? వద్దనరాని కాడ అడుగుడే తప్పు. అందుకే నువ్వు మాటనే ఇయ్యలేదు. ఇయ్యని మాట ఎట్ల తప్పుతవు?"

"తప్పు నాదే సారమ్మా," అంది సుప్రియ. ఇంగ్లీషు ముక్క ఒక్కటి కలపకుండా, తల వంచి అంది. "నేను వచ్చి నిన్ను ఒక్కదాన్నే అడగాల్సింది."

డాక్టరు తప్పు ఒప్పుకోవడం సారమ్మ ఎప్పుడూ చూసినట్టు లేదు. ఇబ్బందిగా కొంగు సవరించుకుంది. "మరి ఆమేన్?"

"ఆమేన్ అన్నది దేవునికి. గోలీల డబ్బకు కాదు."

పూలమ్మ ఫక్కున నవ్వింది. సారమ్మ నవ్వలేదు. "నువ్వంటే ఏమైతదన్నా. అయ్యగారి నోట రావాలె."

"పిలుస్త ఆగు," అని పూలమ్మ చెప్పులు కూడా వేసుకోకుండా చర్చి వైపు నడిచింది. పాస్టర్ అయ్యగారు చేతికి సున్నంతో వచ్చాడు. గోడకు వేస్తున్నాడు. సంగతంతా నిలబడే విన్నాడు. వింటున్నకొద్దీ అతని ముఖం చిన్నదైంది.

"నేను ఆమేన్ అన్నది మీకందరికి ఆరోగ్యం కావాలని సారమ్మా," అన్నాడు. "ఏలి సంగతి నేను దేవుని ముందర పెట్టలే. అందరు ఒక్క కాడ దొరుకుతరని జాగ ఇచ్చిన. ఇయ్యకుండ ఉండాల్సింది. నీ మీద ఏ మాట లేదు పో."

సారమ్మ ఆయన్ని చూసింది, సుప్రియను చూసింది. తర్వాత లోపలికి వెళ్లింది, ఈసారి పూలమ్మ భుజం పట్టుకుని. మందుల డబ్బా తెచ్చి గడప మీద పెట్టింది. "రెండుమార్లు కాదు," అంది. "ఐదుమార్లు పడ్డ."

సుప్రియ కాగితం తీసి, ఐదు అని అక్కడే రాసుకుంది. పాత గోలీల్లో ఒకటి, అదీ సగం, ఎప్పుడు వేసుకోవాలో చెప్పింది. చెప్పింది మళ్లీ చెప్పమని అడగలేదు. "రేపు పొద్దున మొదట ఏం చేస్తావు? తర్వాత?" అని రోజంతా నడిపిస్తూ అడిగింది. మిగతా ఇళ్లన్నీ తిరిగేసరికి సాయంత్రమైంది. ఎవరికి వారిని వాకిట్లో కూర్చోబెట్టి అడిగితే ఇంకో తొమ్మిదిమంది నోరు విప్పారు. కాళ్లవాపు ఒకరికి, పొడి దగ్గు ఒకరికి. అందరూ ఓర్చుకుంటున్నవాళ్లే.

మర్నాడు కమిటీ ప్రత్యేకంగా కూర్చుంది. ఈసారి ఎవరూ నవ్వలేదు. రాంప్రసాద్ తన పేరుతోనే రాశాడు: కొత్తవాళ్లను చేర్చుకోవడం ఆపాలి. నలభై నాలుగు సమ్మతులూ చెల్లవు. ఉన్న ప్రతి ఒక్కరినీ వారి ఇంటి దగ్గర, విడిగా, మళ్లీ అడగాలి, ఇంట్లోవాళ్లతో మాట్లాడుకోవడానికి వారం గడువివ్వాలి. అడిగి వచ్చేదాకా కొత్త గోలి ఎవరికీ ఇవ్వకూడదు, పాత మందులు ఆగకూడదు. మహిపాల్‌ను తీసేయాలని ఒకరన్నారు. ఇస్సాకు వద్దన్నాడు. "కూలి పోకుండా చూడాలనుకున్నాడు. ఆ బుద్ధి మంచిదే. పద్ధతి నేర్పుదాం."

గడువు ముగిసిన రోజు సుప్రియ తనే వెళ్లింది. ఇస్సాకును సాక్షిగా రమ్మంది. మహిపాల్ వెనక నిలబడి చూశాడు. ఇరవై తొమ్మిదిమంది ఉంటామన్నారు. వాళ్లు కూడా మొదట బోలెడు ప్రశ్నలు వేశారు. కొత్త గోలి పెద్దగా ఉంటుందా అని ఒకామె, మనవరాలి పెళ్లికి ఊరు పోతే ఎట్లా అని ఒకాయన. మధ్యాహ్నం దాటాక సారమ్మ ఇంటికొచ్చారు. ఆమె గడప దిగి, దేన్నీ పట్టుకోకుండా నడిచి వచ్చి పీట వేసింది.

సుప్రియ మొత్తం మళ్లీ వివరించింది. మందు మోతాదు తగ్గించి వేసుకునే వీలుందని కూడా చెప్పింది. ఏది చెప్పినా నీ ఇష్టమే అంది. తర్వాత ఆగింది. వీధిలో ఎవరో సైకిల్ మీద వెళ్లారు. సారమ్మ ఆలోచించుకుంటోంది. ఆమె అట్లా ఆలోచించుకుంటుంటే ఎవరూ తొందరపెట్టకపోవడం ఇస్సాకుకు హాయిగా ఉంది.

"నాకొద్దు," అంది సారమ్మ.

అని డాక్టరు ముఖం వైపే చూసింది. సుప్రియ కాగితం మీద 'వద్దన్నారు' అని రాసి, తేదీ వేసింది. "మంచిది. బీపీ మాత్రం చూపించుకోవాలి. మంగళవారం దవాఖానకు రా, నేనే ఉంటా."

"మంగళారం పత్తి ఏరుడుంది," అంది సారమ్మ. "బుధారమైతే వస్త."

సుప్రియ మంగళవారం కొట్టేసి బుధవారం రాసింది.