సగమే పచ్చగా మిగిలిన లాన్

మా పెరటి గోడకు అవతల ఉండే కీత్ ఓల్డ్‌రాయిడ్‌కు తన లాన్ మీద ఉన్నంత నమ్మకం చాలామందికి దేవుడి మీద కూడా ఉండదు. ఇంగ్లండులో మా ఊరు ఓట్లీ బస్సు డిపోలో ఇంజన్లు విప్పి బిగిస్తూ జీవితమంతా గడిపిన మనిషి. రిటైరయ్యాక ఆ శ్రద్ధంతా పెరట్లో గడ్డి మీదికి మళ్లింది. శనివారం పొద్దున టీ తాగగానే గడ్డి కోసే మిషను బయటికి లాగేవాడు. బ్లేడును అట్టడుగు మెట్టుకు దించి, నేల మీద ఆకుపచ్చ గుడ్డ పరిచినట్టు కనపడేదాకా వదిలేవాడు కాదు.

"పొట్టిగా కోస్తే మళ్లీ వారం దాకా దాని మొహం చూడక్కర్లేదు" అని గోడ మీదుగా నాకు చెప్పేవాడు. "ఇది లాన్ అమ్మాయ్. గొర్రెలు మేసే కొండ కాదు."

ఆ చివరి మాట నాకోసం కాదు, అతని పక్కింటి హెదర్ బెయిర్‌స్టోకు వినపడాలని. వాళ్లవి ఒకే గోడను పంచుకునే జంట ఇళ్లు. వెనకాల పెరడు కూడా ఒకటే, మధ్యలో కంచె లేదు. భర్తతో విడిపోయాక హెదర్ ఒక్కతే వచ్చి అందులో చేరింది. స్కూల్లో పిల్లలకు మధ్యాహ్నం భోజనం వండుతుంది. గుర్తొచ్చినప్పుడు గడ్డి కోసేది, కోసిన గడ్డిని ఎక్కడిదక్కడే వదిలేసి లోపలికి పోయేది. ఆవిడ సగంలో నడిస్తే బూట్లు సగం మునిగేవి.

ఆ ఏడు ఆగస్టులో కీత్‌కూ బెరిల్‌కూ పెళ్లయి యాభై ఏళ్లు నిండుతాయి. పార్టీకి చర్చి హాలు మాట్లాడదామంది బెరిల్. కీత్ ససేమిరా అన్నాడు.

"హాల్లో ఏముంటుంది, మాసిన కార్పెట్టు. ఇంత లాన్ పెట్టుకొని హాలెందుకు? మీ అన్నయ్య మాల్కమ్ వచ్చి చూసి కుళ్లుకోవాలి."

మే నెల నుంచి వాన పడలేదు. యార్క్‌షైర్‌లో వాన పడకపోవడమే వింత, మొదట్లో అందరమూ ముచ్చటపడ్డాం. జులైలో నీళ్ల కంపెనీ వాళ్లు తోటలకు పైపు వాడొద్దని నిషేధం పెట్టారు. డబ్బాతో పోసుకోవచ్చు, పైపు మాత్రం కుదరదు. కీత్ రోజూ సాయంత్రం డబ్బా పట్టుకొని లాన్ అంతా తిరిగేవాడు. అంత నేలకు ఆ నీళ్లు పైపైన చిలకరించినట్టే ఉండేవి, కాసేపటికే ఆరిపోయేవి. అయినా శనివారం రాగానే మిషను తీసి, ఉన్న కాస్త గడ్డినీ గొరిగేవాడు.

"ఎండలో దాన్ని కాస్త వదిలెయ్యరాదూ?" అని బెరిల్ కిటికీలోంచి అరిచింది ఒకసారి.

"వదిలేస్తే అడివవుతుంది. నీ వంట నువ్వు చూసుకో, నా గడ్డి నేను చూసుకుంటా."

గడ్డి ముందు పసుపుబారింది, తర్వాత ఎండుగడ్డి రంగుకు దిగింది. అప్పుడు కీత్ పెద్ద డబ్బాడు ఎరువు కొనుక్కొచ్చాడు. డబ్బా మీద రాసినదానికి రెట్టింపు తీసుకొని, ఎండిన నేల మీద చేత్తో గుప్పిళ్లు గుప్పిళ్లు విసిరాడు. నీరసపడ్డ మనిషికి ఇంకో గరిటె వడ్డించాలి కదా అన్నాడు. నీళ్లు లేని నేల మీద పడ్డ ఎరువు గడ్డిని కాల్చేసింది. మా మేడ మీది కిటికీలోంచి చూస్తే అతని చెయ్యి ఎటు ఊగిందో ముదురు గోధుమ రంగు మచ్చల్లో తెలిసిపోయేది.

పక్కన హెదర్ సగం మాత్రం పచ్చగానే ఉంది. మధ్యలో స్కేలు పెట్టి గీత గీసినట్టు ఇటు చావు, అటు బతుకు. కీత్ ఆ గీత దగ్గర నిలబడి చాలాసేపు చూస్తుండేవాడు. పార్టీ ఇంకో రెండు వారాలుందనగా, హెదర్ బట్టలు ఆరేసుకుంటుంటే ఆ గీత దాటి వెళ్లాడు.

"హెదర్, నాతో అబద్ధమాడకు. పైపు పెడుతున్నావు కదూ?"

"ఏం పైపు?"

"నీళ్ల పైపు! ఊరంతా మాడిపోతుంటే నీ సగం ఒక్కటీ పచ్చగా ఎట్లా ఉంటుంది? మేమంతా పడుకున్నాక తిప్పుతున్నావు."

హెదర్ చేతిలోని తడి దుప్పటిని తొట్టిలో పడేసింది.

"నాకు బయట కొళాయే లేదు కీత్. రండి, వెతుక్కోండి. ఇంటి చుట్టూ తిరగండి, కావాలంటే మంచం కింద కూడా చూడండి. మీ గడ్డిని మీ చేతులతో మీరే చంపుకొని నన్ను దొంగని చేస్తారా?"

ఆవిడ తల దించలేదు. నేను ఇవతల టమాటా మొక్కల మధ్య వంగి ఉన్నదాన్ని, లేవాలో అలాగే ఉండాలో తెలియక ఉండిపోయాను. బెరిల్ వంటింటి తలుపు తీసింది.

"కీత్. లోపలికి రా."

లోపల ఏమందో బెరిల్ తర్వాత నాకు చెప్పింది. "ఇన్నేళ్లలో నీతో ఎన్నిట్లోనో సర్దుకుపోయాను. గడ్డి కోసం పక్కింటి పిల్లని దొంగన్నావు చూడు, దాంతో మాత్రం సర్దుకోను. ఆ పిల్లకి క్షమాపణ చెప్పేదాకా ఈ ఇంట్లో పార్టీ మాట ఎత్తకు" అందట.

మర్నాడు పొద్దున కీత్ వంటింటి కత్తి తీసుకొని తన లాన్‌లో మోకాళ్ల మీద కూర్చున్నాడు. కేకు కోసినట్టు ఒక ముక్క కోసి పైకి లేపాడు, తిప్పి తిప్పి చూశాడు. తర్వాత లేచి గీత దగ్గరికొచ్చి హెదర్‌ను పిలిచాడు. ఆవిడ చేతులు కట్టుకొని గుమ్మంలో నిలబడింది.

"నిన్న నేనన్నది తప్పు. ఒక్క ముక్క కూడా ఒప్పు లేదు అందులో. క్షమించు తల్లీ."

"సరే. ఆ కత్తేమిటి?"

"నీ వైపు చిన్న ముక్క కోసి చూడాలి, నువ్వు ఒప్పుకుంటే. బండి ఆగిపోతే ఇంజను విప్పి చూడకుండా రోడ్డున పోయేవాళ్లని తిట్టాను. డిపోలో ఎవడైనా ఆ పని చేస్తే నేనే మెడబట్టి గెంటేవాణ్ని."

హెదర్ నవ్వకుండా ఉండాలని చూసింది గానీ కుదరలేదు. "కోసుకోండి" అంది.

రెండు ముక్కలూ పక్కపక్కన పెట్టాడు. నన్ను కూడా గోడ దగ్గరికి పిలిచి చూపించాడు. అతని గడ్డి వేళ్లు గోరంత ఉన్నాయి, పొడిమట్టిలోంచి దువ్వెనకి ఊడొచ్చే వెంట్రుకల్లా ఊడి వచ్చాయి. హెదర్ వైపు వేళ్లు తెల్లగా, వేలి పొడుగున కిందికి దిగి ఉన్నాయి. అక్కడ మట్టి ఇంకా చల్లగా ఉంది.

"ఏ ఎత్తున కోస్తావు నువ్వు?" అని అడిగాడు.

"ఎత్తా? మీట ఒకటుంది గానీ అది కదిలి చావదు. సెకండ్ హ్యాండ్‌లో కొన్నప్పుడే పైమెట్టులో ఇరుక్కుపోయింది. గడ్డి పట్టే బుట్ట కూడా లేదు దానికి, అందుకే ఎక్కడిదక్కడ వదిలేస్తా."

కీత్ కత్తి పక్కన పెట్టి, వీపు నేలకాన్చి పడుకొని పెద్దగా నవ్వాడు. చాలా రోజుల తర్వాత ఆ నవ్వు విన్నాం.

"నీ తుప్పు నా తెలివికన్నా బాగా పనిచేసింది! పొడుగు ఆకు నేలకి నీడ, వేరుకి తిండి. కోసిన గడ్డి నేల మీద దుప్పటి. నేనేమో వారం వారం గుండు గీసి ఎండలో నిలబెట్టాను. నీళ్లు చూస్తే పైపైనే పోశాను, ఇంక వేళ్లు లోపలికెందుకు దిగుతాయి? ఆపైన ఎరువుతో కాల్చాను. బ్లేడు పదునుగా ఉంచడం ఒక్కటే నేను సరిగ్గా చేసింది." లేచి కూర్చున్నాడు. "ఆ మీట నూనె వేసి వదులు చేసివ్వనా?"

"ముట్టుకోకు దాన్ని!" అని కిటికీలోంచి బెరిల్ కేక వేసింది.

పార్టీకి హాలు దొరుకుతుందేమో కనుక్కుంటానని కీత్ లేచాడు. హెదర్ ఆపింది.

"హాలెందుకు? బల్లలు మీ సగంలో వేయండి, దానికి ఇంకా కొత్తగా అయ్యేదేం లేదు. మనుషులు నా సగంలో కూర్చుంటారు. వంట కూడా నాకొదిలెయ్యండి. నలభై మందంటే నాకు లెక్కే కాదు."

పార్టీ రోజున ఎండ ఫెళ్లున కాసింది. పోర్క్ పైలూ, హామ్ శాండ్‌విచ్‌లూ, మూడు రకాల కేకులూ ఎండిన సగంలో బల్లల మీద. ఆడవాళ్లు చెప్పులు విడిచి పచ్చ సగంలో కాళ్లు చాపుకున్నారు. మాల్కమ్ గ్లాసు పట్టుకొని అటూ ఇటూ చూశాడు.

"ఏం బావా, ఈ మచ్చలేంటి? చిరుతపులి గానీ పడుకుందా?"

పక్కనున్నవాళ్లు మాట మార్చబోయారు. కీత్ మార్చనివ్వలేదు.

"నేనే చేశాను మాల్కమ్. ఎంత బాగా చేశానో చూడు, ఒక్క పోచ బతకలేదు. నువ్వూ మీ ఇంట్లో ఇదే చేస్తున్నావు, నాకు తెలుసు. వెళ్లగానే నీ మిషను పైకెత్తు."

బెరిల్ పగలబడి నవ్వింది. తర్వాత ఎవరో పాట పెట్టారు. కీత్ ఆవిడ చెయ్యి పట్టుకొని హెదర్ గడ్డిలోకి తీసుకెళ్లాడు. ఇద్దరూ చెప్పుల్లేకుండా, పెద్దగా కదలకుండా, ఒకరి భుజం మీద ఒకరు గడ్డం ఆన్చి ఆడారు. హెదర్ బల్ల దగ్గర కత్తీ కేకూ పట్టుకొని కోయడం మరిచిపోయి చూసింది.

సెప్టెంబరులో వానలు వచ్చాయి. కీత్ ఎండిన గడ్డినంతా గీకి పారేసి, గట్టిపడ్డ నేలను తోట ఫోర్కుతో గుచ్చి గుచ్చి వదులు చేసి, విత్తనాలు చల్లాడు. మొలకలు వచ్చాక మిషను దగ్గరికి పోవాలని అతని చేతులు ఎంత దురదపెట్టాయో మాకందరికీ తెలుసు. గడ్డిలో బొటనవేలు మునిగేదాకా ఆగాడు. ఎరువు వసంతం దాకా ముట్టలేదు, ముట్టినప్పుడు కళ్లజోడు పెట్టుకొని డబ్బా మీద రాసింది మూడుసార్లు చదివాడు.

ఇప్పుడు ఆ పెరట్లో రెండు సగాలు ఎక్కడ కలుస్తాయో వెతికినా దొరకదు. కీత్ మాత్రం ఏమీ తగ్గలేదు. వేళ్ల సంగతి లోకంలో తానే మొదట కనిపెట్టినట్టు వీధి వీధంతా చెబుతాడు. మొన్న నేను మిషను తీయగానే గోడ మీద మోచేతులు ఆన్చి నిలబడ్డాడు.

"ఇంకో రెండు మెట్లు ఎత్తు అమ్మాయ్."

ఎత్తాను.

"నిన్న వాన పడింది కదా, తడి ఆరిందా? తడి గడ్డిని కోస్తే బ్లేడు చీల్చేస్తుంది."

వంగి గడ్డిని తాకి చూశాను. ఇంకా తడిగానే ఉంది. మిషను లోపల పెట్టేసి, అతనికో కప్పు టీ పోశాను.