తడిసిన ఉప్పు

శైలజ సంచి నేనే సర్దాను. రెండు జతల బట్టలు, దువ్వెన, పేపర్లో చుట్టిన నాలుగు జొన్నరొట్టెలు, శనక్కాయల పొడి. అడుగున లెక్కల నోటుపుస్తకం పెడితే తీసి బయట పడేసింది.

"అదెందుకవ్వా ఇంక? పొయ్యిలో పెట్టుకో."

ఆమె అటు తిరిగినప్పుడు దాన్ని తువ్వాలు మడతలో దూర్చాను. మా ఆయన నేను సర్దిన సంచి పట్టుకొనే బళ్లారి పనికి పోయి మళ్లీ రాలేదు. అప్పటినుంచి సంచి సర్దాలంటే నాకు గుండెదడ. కానీ ఆ పొద్దు దడ సంచి వల్ల కాదు. రైలు కదిలేలోగా శైలజకు ఒక మాట చెప్పాలి.

శైలజ నా కూతురి కూతురు. ధర్మవరంలో బీయస్సీ చదివి, హిందూపురంలో నేను పనిచేసే గ్రైనేజికే ల్యాబు ఉద్యోగానికి వచ్చింది. పట్టుపురుగు గుడ్లు తయారుచేసి రైతులకు అమ్మే చోటు అది. ఇరవై ఏళ్లుగా నాది గుడ్లు కడిగే పని. గుడ్లను ఉప్పునీళ్లలో వేస్తే మంచివి మునుగుతాయి, పనికిరానివి తేలుతాయి. ఉప్పు తక్కువైతే అవీ ఇవీ కలిసి మునుగుతాయి. నీళ్ల చిక్కదనం కొలిచే గాజుగొట్టం పగిలినప్పుడల్లా నేను తొట్టిలో కోడిగుడ్డు వేసి చూసేదాన్ని. గుడ్డు రూపాయి బిళ్లంత పైకి తేలితే నీళ్లు సరిపోయినట్టు.

ఆ ఏడూ గొట్టం పగిలింది. బెంగళూరు నుంచి కొత్తది రాలేదు.

"కోడిగుడ్డు వద్దవ్వా, ఇది ఊరగాయ జాడీ కాదు" అని శైలజ లెక్క వేసింది. లీటరు ద్రావణంలో యాభై ఎనిమిదిన్నర గ్రాముల ఉప్పుంటే ఒక మోలార్. మాకు రెండు మోలార్లు కావాలి. లీటరుకు నూట పదిహేడు గ్రాములు, ఇరవై లీటర్ల తొట్టికి రెండు కిలోల మూడు వందల నలభై. ముందు ఉప్పు కరిగించి, తర్వాత తొట్టి మీది ఇరవై లీటర్ల గీతదాకా నీళ్లు పోయాలి. ఇరవై లీటర్లు కొలిచి పోసి అందులో ఉప్పు వేస్తే గీత దాటిపోతుంది, మోలారిటీ, అంటే నీళ్ల చిక్కదనం, తగ్గుతుంది. గుడ్లు ఆరబెట్టే పాత పేపర్ల మీద కూడబలుక్కొని చదువు నేర్చినదాన్ని నేను. ఆమె నోటుపుస్తకం చూసి ఆ లెక్క నేనూ వేశాను. నాకూ అంతే వచ్చింది. ఆ సంతోషం ఎవరికీ చెప్పలేదు.

అక్టోబరు ఆఖర్లో వారం పాటు వాన పట్టింది. గుడ్లు కడిగే పొద్దు ఉప్పు తేబోతే మూట కింద నేలంతా తడి. కల్లుప్పును పిడికిట్లో పట్టి పిండితే వేళ్ల సందుల్లోంచి నీళ్లు కారాయి. శైలజ తూచింది. రెండు కిలోల మూడు వందల నలభై, గ్రాము తేడా లేదు. తొట్టిలో కరిగించి గీతదాకా నీళ్లు పోశాక ఒక చుక్క నాలుకకు తాకించి చూశాను.

"పలచగా ఉండాది శైలా."

"లెక్క తప్పిందంటావా?"

"లెక్క సరే గానీ..."

సూపర్వైజరు తిప్పన్న నవ్వాడు. "ఏమక్కా, నాలుకతో మోలారిటీ చెప్తాండావే! నీకూ ఒక తెల్లకోటు కుట్టిద్దామా?"

శైలజ ముఖం ఎర్రబడింది. ఆమెకది మూడో నెల. ఉద్యోగం ఖాయం చేయాలా వద్దా అని యజమాని వాకిట్లో నిలబడి చూస్తున్నాడు. నా చీర ఒడిలో కోడిగుడ్డు ఉంది. ఎందుకైనా మంచిదని పొద్దున్నే పెట్టుకున్నాను. వేస్తే అది పైకి రాదని తెలుసు. అందరి ముందరా పిల్ల చిన్నబోతుందని వేయలేదు. గుడ్లు కడిగేశాం. తేలినవి పిడికెడు కూడా లేవు.

పదిహేను రోజులకు పెనుకొండ రైతు లక్ష్మన్న మా గుడ్ల పెట్టె తెచ్చి బల్ల మీద బోర్లించాడు. "సగం గుడ్లు పగల్లేదు సార్. పురుగులకని కోసిన మల్బరీ ఆకంతా ఎవరు తినల్ల, నేనా?" వెనకాల ఇంకా ముగ్గురు. యజమాని శైలజను పనిలోంచి తీసేశాడు.

ఇంటికొచ్చి ఆ లెక్క పదిసార్లు వేసింది. పదిసార్లూ అదే వచ్చింది. "నాకు కెమిస్ట్రీ రాదవ్వా. యాడ తప్పినానో కూడా తెలీలేదు" అని ఏడ్చింది. నేను పక్కనే కూర్చొని బియ్యంలో రాళ్లు ఏరుతూ ఉండిపోయాను.

స్టేషన్లో ధర్మవరం రైలు ఆగింది. శైలజ ఎక్కి కూర్చుంది. సంచి ఆమె పక్కన పెట్టి, కిందికి దిగి, కిటికీ దగ్గర నిలబడి గబగబా చెప్పేశాను.

"నీ లెక్కలో తప్పు లేదు శైలా. ఉప్పు తడిసింది. తూకంలోకి నీళ్లు వచ్చినాయి."

ఆమె కళ్లు పైకెత్తి మనసులో ఏదో లెక్క కూడుకుంది. ముఖం విచ్చుకుంది. "అవునవ్వా! ఆరబెట్టి తూచల్ల. అంతే!" తర్వాత నా వైపు చూసింది. "నీకెప్పుడు తెలిసింది?"

"ఆ పొద్దే."

"మరి కోడిగుడ్డు?"

"ఒడిలోనే ఉండె. నీ పరువు పోతాదని..."

ఆమె సంచిని ఒళ్లోకి లాక్కుంది. రైలు కూత వేసింది.

"ఇంటికి పో అవ్వా. వాన వచ్చేట్టు ఉండాది" అంది.

రైలు కదిలింది. ఆమె సంచిలోంచి తువ్వాలు తీసి, మడతలో దొరికిన నోటుపుస్తకం ఒళ్లో తెరిచింది. కిటికీ వైపు మళ్లీ తిరగలేదు.

ఇప్పుడు ధర్మవరంలో ఒక బడిలో కెమిస్ట్రీ చెప్తోందట. ఉప్పు వేడిచేసి ఆరబెట్టనిదే పిల్లలను తూచనివ్వదని నా కూతురు చెప్పింది.

శైలజ హిందూపురానికి తిరిగి రాలేదు. రైలెక్కింది 1999 నవంబరు 22, సోమవారం.