తొడుగు మీద గుంటలు

పెళ్ళయిన పదకొండేళ్ళకి నా కూతురు రెండు పెట్టెలతో మా ఇంటికి వచ్చేసింది. ఎందుకని నేను అడగలేదు. తను చెప్పలేదు. మాటల దగ్గర మా ఇద్దరిదీ ఒకే పిసినారితనం.

వచ్చిన వారానికి గోడ అవతల చప్పుడు మొదలైంది. ఎలకేమో అనుకుని బోను పెట్టాను. రెండు రాత్రులు బోను ఖాళీ. మూడో రాత్రి నా కూతురి గది తలుపు దగ్గర నిలబడి వింటే తెలిసింది. నిద్రలో పళ్ళు నూరుతోంది. నేను నలభై ఏళ్ళుగా రంపాలకు ఆకురాయితో పదును పెడుతున్నవాణ్ణి. ఏది ఏ మాత్రం అరుగుతోందో వింటే చెప్పగలను. అది విన్నాక నాకు నిద్ర పట్టలేదు.

పొద్దున అడిగితే, నేనా, లేదే అంది. నిద్రలో చేసేది ఎవరికి తెలుస్తుంది? తలనొప్పి, దవడ నొప్పి అని మాత్రం రోజూ అనేది. ఒకరోజు రొట్టె కొరుకుతుంటే ఎడమవైపు దవడ పన్ను చీలింది.

పళ్ళ డాక్టరమ్మ చిన్నపిల్లే, మాట మాత్రం నిక్కచ్చి. చీలిక ఇంకా వేరు దాకా పోలేదంది. పోతే పీకడమే. అంతదాకా రానీయకుండా పై పళ్ళకి అచ్చు తీసి, గాజులా కనిపించే గట్టి ప్లాస్టిక్ తొడుగు చేసి ఇచ్చింది. రాత్రిళ్ళు పెట్టుకుని పడుకోవాలి, నెల తిరగ్గానే తెచ్చి చూపించాలి. మనసులో బెంగ ఏమన్నా ఉందా అని కూడా అడిగింది. ఏం లేదండీ అంది నా కూతురు. నేను గోడ మీద పళ్ళ బొమ్మ చూస్తూ కూర్చున్నాను.

తొడుగు పెట్టుకున్నాక చప్పుడు మారింది గానీ ఆగలేదు. పొద్దున్నే దాన్ని కడిగి కిటికీలో ఆరబెట్టి పనికి పోయేది. నెల కాకముందే దాని నిండా గుంటలు పడ్డాయి. వేలితో తడిమితే గరుకు. ఇది నాలుకకి గీసుకోదా అనిపించింది. తన కోసం నేను చేయగలిగిన పని ఇదొక్కటే కనబడింది. సన్న ఆకురాయి తీశాను. కుడివైపు గుంటలు లోతుగా ఉన్నాయని అక్కడ ఎక్కువ రుద్దాను. ఆ తర్వాత గరుకు కాగితం, ఆ తర్వాత గుడ్డ. కొత్తదానిలా మెరిసింది. చాలా రోజులకి నా పని నాకు నచ్చింది.

ఆ రాత్రి పెట్టుకుని, ఏదో తేడాగా ఉంది నాన్నా అంది. అలవాటవుతుందిలే అన్నాను. నాలుగో రోజుకి నోరు పూర్తిగా తెరవలేకపోయింది.

డాక్టరమ్మ తొడుగును దీపం కింద తిప్పి చూసి, ఎవరు రుద్దారని అడిగింది. నేను బళ్ళో పిల్లాడిలా చెయ్యెత్తాను.

"మా నాన్నకి గరుకు కనబడితే చేతులు ఊరుకోవండీ," అంది నా కూతురు. సగం నోటితోనే నన్ను వెనకేసుకొచ్చింది.

డాక్టరమ్మ నవ్వలేదు. ఆ గుంటలు చూసే, ఏ వైపు ఎంత నొక్కుతోందో తెలుసుకుని సరిచేద్దామనుకుందట. ఇప్పుడు కుడివైపు పల్చబడి బరువంతా చీలిన పంటి మీద పడుతోందట. చీలిక వేరు వైపు దిగింది. ఈ తొడుగు ఇక పెట్టుకోవద్దంది.

"పన్ను నిలుస్తుందామ్మా?" అని అడిగాను.

"చెప్పలేను తాతగారూ. కొత్తది రావడానికి పది రోజులు. అందాకా గట్టిగా నూరకుండా ఉంటే చూద్దాం."

నూరకుండా ఎవరు ఆపాలి?

బయటికొచ్చాక తప్పయిపోయిందని చెప్పాలనుకున్నాను. ఆ మాట రాలేదు. ఇన్నాళ్ళుగా అడగనిది వచ్చింది.

"అక్కడ ఏం జరిగిందమ్మా?"

రోడ్డు దాటాక అంది.

"ఇప్పుడొద్దు నాన్నా. నోరు నొప్పిగా ఉంది."

ఆ రాత్రి నుంచి తన మంచం పక్కన కుర్చీ వేసుకున్నాను. రెండు రాత్రులు చప్పుడు రాగానే లేపాను. పగలు పనిలో కళ్ళు మూతలు పడుతున్నాయని చెప్పింది. మూడో రాత్రి లేపబుద్ధి కాలేదు. దవడ మీద చెయ్యి ఆనించాను. ఆగింది. కాసేపటికి నా చేతి కిందే కండ బిగుసుకుంది. మెల్లగా నిమిరాను. ఇంకా బిగుసుకుంది. లేపితే నిద్ర పాడు, లేపకపోతే పన్ను పాడు. ఏదీ తేల్చుకోలేక అలాగే చెయ్యి పెట్టుకుని కూర్చున్నాను.

చిన్న చప్పుడైంది. తను కళ్ళు తెరిచి, చెంప పట్టుకుని లేచి కూర్చుంది. నాలుకతో తడుముకుంది.

"పోయింది నాన్నా," అంది.

ఊఁ అన్నాను.